రోగ నిదానానికి అంకితమైన జీవితం: డాక్టర్ వులిమిరి రామలింగస్వామి

డాక్టరు అనగానే మన కళ్ళ ముందు నిలిచేది మెడలో స్టెతస్కోపు వేసుకొని, నాడి పట్టి చూసి, చీటీ రాసిచ్చే మనిషి. ఆపరేషన్ చేసే సర్జనును కూడా మనం ఎరుగుదుము. కాని ప్రతి పెద్ద దవాఖానలోను మనం ఎన్నడూ ముఖం చూడని డాక్టరు ఒకరుంటారు. ఆయన గది ముందు రోగుల వరుస ఉండదు. నయమైన తర్వాత మిఠాయి డబ్బా పట్టుకొచ్చి షుక్రియా చెప్పేవారూ ఉండరు. ఒక బల్ల, ఒక సూక్ష్మదర్శిని, గాజు పలకలు పేర్చిన పెట్టెలు, ఇదే ఆయన లోకం. రోగి ఒంట్లో నుండి తీసిన గోరంత ముక్కను, రక్తపు చుక్కను చూసి "ఇది ఫలానా జబ్బు" అని తేల్చేది ఆయనే. ఆయన మాట వచ్చేదాకా పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఎదురు చూస్తూ కూర్చుంటారు.

ఆయననే పెథాలజిస్టు అంటారు. ఉర్దూలో ఈ విద్యకు ఇల్ముల్ అమ్రాజ్ అని పేరు, అనగా రోగాల గురించిన జ్ఞానం. తెలుగులో రోగ నిదాన శాస్త్రం అనవచ్చు. ఈ శాస్త్రంలో తెలుగు గడ్డ నుండి వెళ్ళి ప్రపంచమంతటా పేరు పొందినవారు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. మన పిల్లలకు సినిమా నటుల పేర్లు, క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు నోటికి వచ్చును. ఈయన పేరు మాత్రం పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. అయితే ఆయన చేసిన పని మన ప్రతి ఇంట్లో, వంటగదిలో, ఉప్పు డబ్బాలో ఉన్నది. అది ఎట్లాగో చెప్పడానికే ఈ వ్యాసం.

మన ప్రాంతంలో సూక్ష్మదర్శిని కథ

ముందుగా మన ప్రాంతపు చరిత్ర కొంత చెప్పుకుందాం. సూక్ష్మదర్శినిని ఉర్దూ మాధ్యమంలో మేము పిల్లలకు ఖుర్దబీన్ అని చెప్తాము. ఈ ఖుర్దబీన్ ప్రపంచ చరిత్రను మార్చిన చోట్లలో ఒకటి మన సికింద్రాబాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూసినాడు. మలేరియా చెడుగాలి వలన రాదు, దోమ వలన వస్తుందని తేలడానికి అదే మూలం. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే ఒక మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని ఆయన తన చేతిని దోమలకు అప్పగించినాడు. రాస్ పేరు పుస్తకాలకెక్కింది. హుసేన్ ఖాన్ పేరు ఏ మూలనో ఒక పంక్తిలో మిగిలింది. ఈ సంగతి జెర గుర్తు పెట్టుకోండి, ముందు మళ్ళీ పనికొస్తుంది.

నిజాం రాజ్యంలో 1846లోనే హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలయింది. మొదటి దినాలలో అక్కడ వైద్యం ఉర్దూలోనే బోధించినారు. 1918లో స్థాపించిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా విద్య అంతా ఉర్దూలోనే సాగింది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ సైన్సు, వైద్య గ్రంథాలను ఇంగ్లీషు నుండి ఉర్దూలోకి మార్చింది. దేశ భాషలో పెద్ద చదువులు సాధ్యమే అని నిరూపించిన ప్రయత్నం అది. మన వరంగల్‌కు మాత్రం 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చేదాకా వైద్య విద్య అందలేదు. ఈనాడు రాష్ట్రమంతటికీ సంబంధించిన ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాళోజీ నారాయణరావు గారి పేరున, మన ఊళ్ళోనే ఉన్నది. కావున ఈ కథ మనకు దూరపు కథ కాదు.

శ్రీకాకుళం నుండి ఆక్స్‌ఫర్డ్ దాకా

రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించినారు. అప్పటికి ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. విశాఖపట్నంలో 1923లో మొదలైన మెడికల్ కాలేజీయే ఆ ప్రాంతపు పిల్లలకు దిక్కు. అక్కడ చదివి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. పట్టా పొందినారు. ఆ పిమ్మట ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1951లో డాక్టరేటు తీసుకున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఎం.డి. చేసిన డాక్టరు ప్రాక్టీసు పెట్టుకుంటే అప్పుడైనా ఇప్పుడైనా డబ్బుకు కొదువ ఉండదు. మందు రాసిచ్చే వైద్యుడిగా ఉండదగిన అర్హత అంతా ఉండి కూడా, ఆయన రోగం అసలు ఎందుకు పుడుతున్నది అనే ప్రశ్న వెంట వెళ్ళినారు. ఆ రోజుల్లో మన దేశంలో ఆ ప్రశ్నకు పెద్ద జీతమూ లేదు, పెద్ద పేరూ లేదు.

కూనూరు ప్రయోగశాల

నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక ప్రయోగశాల ఉండేది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1918లో ఒకే ఒక గదిలో, బెరిబెరి జబ్బును పరిశీలించడానికి దానిని మొదలుపెట్టినారు. క్రమంగా అది పోషకాహార పరిశోధన కేంద్రంగా ఎదిగింది. రామలింగస్వామి గారు తన పరిశోధన జీవితపు తొలి సంవత్సరాలు అక్కడనే పెథాలజిస్టుగా గడిపినారు. ఈ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో తార్నాకలో నడుస్తున్నది.

తిండి తక్కువైతే ఒంట్లో ఏమవుతుంది? బయటికి మనకు కనబడేది బక్కచిక్కిన చేతులు, ఉబ్బిన పొట్ట, కాళ్ళ వాపు. కాని కాలేయంలో ఏమి జరుగుతున్నది, పేగుల లోపలి పొర ఏమవుతున్నది, ఇది సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తెలియదు. మాంసకృత్తుల లోపం వలన పసిపిల్లలకు వచ్చే క్వాషియార్కర్ జబ్బు గురించి ఆయన దీర్ఘకాలం పని చేసినారు. తర్వాతి కాలంలో ఢిల్లీలో శిష్యులతో కలిసి కోతులకు మాంసకృత్తులు తక్కువైన ఆహారం ఇచ్చి, వాటి అవయవాలలో వచ్చే మార్పులను ఒక్కొక్కటిగా పరిశీలించినారు. ఆకలి అనేది కడుపుకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రతి కణానికీ సంబంధించినది అని వీరి పని చూపించింది.

రోగాన్ని తేల్చే విద్య

ఇంతకీ పెథాలజిస్టు జబ్బును ఎట్లా తేలుస్తాడు? మన కుటుంబాలలో ఎవరికైనా "ముక్క పరీక్ష" రాసినప్పుడు కలిగే భయాన్ని తగ్గించడానికైనా దీన్ని తెలుసుకోవడం మంచిది. శరీరం నుండి తీసిన ముక్కను ముందు ఫార్మలిన్ ద్రావకంలో వేస్తారు. అది కుళ్ళకుండా ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. తర్వాత అందులోని నీరు తీసివేసి కరిగించిన మైనంలో పోస్తారు. గట్టిపడిన ఆ మైనపు దిమ్మెను మైక్రోటోం అనే యంత్రంతో ఉల్లిపొర కన్నా పలుచగా కోస్తారు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో నాలుగైదు భాగాల మందం మాత్రమే ఉంటుంది ఆ పొర. దాన్ని గాజు పలక మీద పరచి రంగులు అద్దుతారు. కణంలోని కేంద్రం ఊదా నీలంగాను, మిగతాది గులాబీ రంగులోను కనబడుతుంది. అప్పుడు చూసే కన్ను కావాలి. వేలాది పలకలు చూసి చూసి పదునెక్కిన కన్ను. ఏది వాపు, ఏది క్షయ, ఏది కాన్సరు అని వేరు చేసేది ఆ కన్నే.

"ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుంది" అనే మాట మన మొహల్లాలలో ఇంకా వినబడుతున్నది. దీనికి ఆధారం లేదు. ముక్క తీయనందువలన, ఏ జబ్బో తెలియక ఆరు నెలలు గాలి మందులతో కాలం గడిపినందువలన పోయిన ప్రాణాలే ఎక్కువ. శవపరీక్ష విషయం వేరు. మరణించినవారి దేహం పట్ల గౌరవం, త్వరగా ఖననం చేయాలనే నియమం మనకు ముఖ్యమైనవి. పోలీసు కేసు అయితే చట్ట ప్రకారం శవపరీక్ష తప్పదు. జబ్బు కారణం తెలుసుకోవడానికి దవాఖాన డాక్టర్లు అడిగే పరీక్షకు మాత్రం కుటుంబం ఒప్పుకోవాలి. ఒప్పుకోకుంటే చేయరు. అయినా ఈనాటి పెథాలజిస్టు పనిలో అత్యధిక భాగం బ్రతికి ఉన్నవారి కోసమే. సూదితో తీసిన చుక్క, రక్తం, చిన్న ముక్క, వీటితోనే సాగుతుంది. ఈ తేడా తెలియక కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఆ కోర్సుకు పంపడానికే జంకుతున్నారు.

కాంగ్రా లోయలో ఉప్పు పరీక్ష

ఇక ఆయన పేరును శాశ్వతం చేసిన పని దగ్గరికి వద్దాం. హిమాలయాల పాదాల వెంట కాశ్మీరు నుండి ఈశాన్య రాష్ట్రాల దాకా ఒక పట్టీలాగా సాగిన ప్రాంతంలో, తరతరాలుగా జనం మెడ ముందు పెద్ద వాపుతో ఉండేవారు. దానినే గాయిటర్ అంటారు, తెలుగులో గలగండం. అది చూడడానికి బాగుండదు అనేది చిన్న మాట. అదే ఊళ్ళలో మూగ, చెవిటి పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు, పొట్టిగా ఉండిపోయిన పిల్లలు పుట్టేవారు. అక్కడివారు దాన్ని నసీబు అని ఊరుకున్నారు.

కారణం ఏమిటి? పైన చెప్పిన మెక్‌కారిసన్ గారే ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో గిల్గిత్ ప్రాంతంలో దీన్ని పరిశీలించినారు. ఒకే కాలువ వెంట ఉన్న ఊళ్ళలో కిందికి పోయినకొద్దీ గలగండం ఎక్కువ కావడం చూసి, నీటిలోని మలినం ప్రధాన కారణమని భావించినారు. ఆ నీటి మడ్డిని తాను తాగి, ఇతరులచేత తాగించి కూడా చూసినారు. మరోవైపు అయోడిన్ అనే మూలకం లోపమే కారణమని ఐరోపా, అమెరికా పరిశోధకులు చెప్పినారు. అమెరికాలో డేవిడ్ మెరీన్ 1917లో ఆక్రన్ పట్టణపు బడిపిల్లలకు అయోడిన్ ఇచ్చి ఫలితం చూపినాడు. 1922లో స్విట్జర్లాండులో, 1924లో అమెరికాలోని మిషిగన్‌లో అయోడిన్ కలిపిన ఉప్పు అమ్మకానికి వచ్చింది.

మన గొంతులోని థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేయాలంటే అయోడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రోగ్రాము, కనుక ఇది ఎంత స్వల్పమో ఊహించండి. కొండ ప్రాంతాల్లో మంచు, వానలు నేలలోని అయోడిన్‌ను కడిగివేస్తాయి. ఆ నేలలో పండిన పంటలో అయోడిన్ ఉండదు, ఆ పంట తిన్నవారికీ అందదు. దొరకని అయోడిన్ కోసం గ్రంథి పని ఎక్కువ చేసి చేసి ఉబ్బుతుంది. అదే గలగండం.

మరి విదేశాల్లో తేలిన సంగతిని ఇక్కడ మళ్ళీ పరీక్షించడం ఎందుకు? మన దేశపు పరిస్థితి వేరు. ఇక్కడి ఉప్పు తడి ఉప్పు, గోనె సంచుల్లో, గూడ్సు బండ్లలో రోజుల తరబడి ప్రయాణం చేసే ఉప్పు. చల్లని దేశాల్లో వాడే పొటాషియం అయోడైడ్ ఇక్కడి తేమకు ఆవిరై పోవచ్చు. పొటాషియం అయోడేట్ నిలుస్తుందా? పేదవాడి ఇంటిదాకా చేరేసరికి అందులో ఏమైనా మిగులుతుందా? నీటి మలినమే కారణమైతే ఉప్పుతో లాభమేమిటి? సర్కారు కోట్లు ఖర్చు పెట్టే ముందు వీటికి జవాబులు కావలసి వచ్చినవి.

1956లో కాంగ్రా లోయలో, అది అప్పుడు పంజాబు రాష్ట్రంలో ఉండేది, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నది, రామలింగస్వామి గారు తన సహచరులతో కలిసి పని మొదలుపెట్టినారు. సుమారు లక్ష జనాభా గల ప్రాంతాన్ని మూడు భాగాలు చేసినారు. ఒక భాగానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరొక భాగానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మధ్య భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేసినారు. మొదట్లో మూడు చోట్లా బడిపిల్లలలో నూటికి సుమారు 38 మందికి గలగండం ఉన్నది. ఆరేళ్ళ తర్వాత 1962లో చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా అది సుమారు సగానికి, అంతకంటే తక్కువకు దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట ఏమాత్రం తగ్గలేదు. నీరు అదే, గాలి అదే, తిండి అదే. మారింది ఉప్పు ఒక్కటే. వాదం అక్కడితో ముగిసింది.

అదే 1962లో భారత ప్రభుత్వం జాతీయ గలగండ నివారణ కార్యక్రమం ప్రారంభించింది. మధ్య భాగానికి కూడా అయోడిన్ ఉప్పు పంపినారు. 1968 నాటికి అక్కడ కూడా జబ్బు బాగా తగ్గింది. ఈ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురితమై అనేక దేశాలకు దారి చూపినవి.

ఒక కష్టమైన ప్రశ్న

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మహనీయుల జీవితం రాసేటప్పుడు పొగడ్త మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు. ఆ మధ్య భాగపు పల్లెల్లో ఆరేళ్ళపాటు మామూలు ఉప్పే తిన్నారు గదా! ఆ ఆరేళ్ళలో పుట్టిన పిల్లల సంగతేమిటి? అయోడిన్ లోపం గొంతుకే గాక, తల్లి కడుపులోని శిశువు మెదడుకు కూడా నష్టం చేస్తుందని తర్వాతి పరిశోధనలు గట్టిగా చూపించినవి. ఈ పనిలో ఆయన శిష్యుడు డాక్టర్ కొచ్చుపిళ్ళై గారి కృషి చెప్పుకోదగినది. పోలిక లేకుండా ఫలితం తేలదు, నిజమే. కాని ఆ పోలిక కోసం ఎవరి బిడ్డలు నిలబడినారు అన్నది కూడా నిజమే. సికింద్రాబాదులో చేయి చాపిన హుసేన్ ఖాన్ ఒక్కడు. అతనికి అణా అయినా దక్కింది. కాంగ్రా లోయలో ఊళ్ళకు ఊళ్ళే ఉన్నవి.

నా ఉద్దేశంలో దీనికి రెండు వైపులా న్యాయంగా చూడాలి. ఆ పరీక్షే జరగకపోతే అంతకు ముందు తరాలుగా సాగినట్లే మామూలు ఉప్పు మొత్తం లోయకూ, మొత్తం హిమాలయ పట్టీకీ సాగి ఉండేది. ఆ కాలంలో ప్రపంచంలో ఎక్కడా పరిశోధనకు ఈనాటి కట్టుబాట్లు లేవు. ఫలితం తేలగానే మధ్య భాగాన్ని మరచిపోకుండా అక్కడికి అయోడిన్ ఉప్పు చేర్చినారు. మరొక సంగతి. 1980లో భారత వైద్య పరిశోధన మండలి, మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు పాటించవలసిన నైతిక నియమాలను మన దేశంలో మొదటిసారిగా ప్రకటించింది. ఆ కమిటీకి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా గారు అధ్యక్షులు. అప్పుడు మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నది రామలింగస్వామి గారే. పరిశోధకుని కన్నా పరిశోధనకు నిలబడిన మనిషి ముఖ్యమనే మాట కాగితం మీదికి ఎక్కింది ఆయన హయాములోనే. మనం ఆయనకు కృతజ్ఞత చెప్పేటప్పుడు ఆ కాంగ్రా పల్లెలకు కూడా చెప్పాలి.

గురువుగా

1956లో ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది. 1957లో రామలింగస్వామి గారు అక్కడ పెథాలజీ ప్రొఫెసరుగా, శాఖాధిపతిగా చేరినారు. పన్నెండేళ్ళు ఆ శాఖను నడిపినారు. 1969 నుండి 1979 దాకా మొత్తం సంస్థకే డైరెక్టరు.

పెథాలజీ పాఠం చెప్పడంలో ఒక గొప్ప పద్ధతి ఉన్నది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాడిని గనుక నాకు అది మిక్కిలి ఇష్టం. అమెరికాలోని బోస్టను నగరంలో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు సుమారు 1910లో దానిని ప్రారంభించినాడు. మరణించిన ఒక రోగి వివరాలను విద్యార్థుల ముందు, ఆచార్యుల ముందు చదువుతారు. జ్వరం ఎన్నాళ్ళు, నొప్పి ఎక్కడ, ఏ మందు ఇచ్చినారు, అన్నీ. పేరున్న వైద్యుడు లేచి, జబ్బు ఇదై ఉండాలని అందరి ఎదుట తర్కించి చెప్తాడు. ఇతరులు ఎదురు ప్రశ్నలు వేస్తారు. చివరకు పెథాలజిస్టు లేచి గాజు పలకలో కనిపించిన సత్యాన్ని చూపిస్తాడు. ఎంత పెద్ద ప్రొఫెసరైనా సరే, తన ఊహ తప్పయితే అక్కడ తలవంచవలసిందే. చిన్న విద్యార్థి చెప్పింది ఒప్పయితే ఒప్పే. హోదా ముందు సత్యం తగ్గదు అనే పాఠం ఇంతకంటే బాగా ఎక్కడ నేర్పగలం?

రామలింగస్వామి గారి దగ్గర తయారైన శిష్యులు తర్వాత స్వయంగా పెద్ద శాస్త్రవేత్తలైనారు. కాన్సరు పరిశోధనలో పేరు పొందిన డాక్టర్ ఎం.జి. దేవ్ గారు, పైన చెప్పిన కొచ్చుపిళ్ళై గారు అందులోనివారే. ఒక గురువు విలువ తెలియాలంటే ఆయన గోడకున్న పతకాలను లెక్కపెట్టేకన్నా, ఆయన శిష్యులు ఏమి చేసినారో చూడాలి.

పదవులు, పరీక్షలు

పతకాలకు కూడా కొదువ లేదు. 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్, 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లియాన్ బెర్నార్డ్ బహుమతి, 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం. భారత జాతీయ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షులుగా కూడా ఉన్నారు.

1979 నుండి 1986 వరకు వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్‌గా ఆయన ఉన్న కాలంలోనే 1984 డిసెంబరులో భోపాలు గ్యాసు దుర్ఘటన జరిగింది. ఆ విషవాయువు ఒంట్లో ఏమి చేసిందో, బ్రతికినవారి ఊపిరితిత్తులకు, కళ్ళకు ఏమవుతుందో తెలుసుకునే దీర్ఘకాలపు పరిశోధనలను మండలి చేపట్టింది. పదవీ విరమణ తర్వాత కూడా సర్కారు ఆయనను విడిచిపెట్టలేదు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చిందనే వార్తతో దేశమంతా గడగడలాడింది. రైళ్ళ నిండా జనం ఊరు విడిచి పారిపోయినారు. అది ప్లేగేనా కాదా అని డాక్టర్లలోనే వాదులాట. అప్పుడు నియమించిన సాంకేతిక సలహా సంఘానికి రామలింగస్వామి గారు అధ్యక్షులు. సాక్ష్యాలన్నీ పరిశీలించి అది ప్లేగు క్రిమియే అని ఆ సంఘం తేల్చింది. పుకారు ఒకటి చెప్తుంది, భయం ఇంకొకటి చెప్తుంది. గాజు పలక మాత్రం ఉన్నదే చెప్తుంది.

1981లో వెలువడిన "అందరికీ ఆరోగ్యం" అనే నివేదికను తయారు చేసిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు. పెద్ద దవాఖానలు కడుతూ పోతే సరిపోదు, ఊళ్ళో మనిషి చేతికి ఆరోగ్యం అందాలి, దానితోపాటు తిండి, మంచినీరు, చదువు అందాలి అన్నది దాని సారాంశం.

ఆసియా చిక్కు ప్రశ్న

1996లో యునిసెఫ్ సంస్థ ప్రచురణలో మరి ఇద్దరితో కలిసి ఆయన ఒక వ్యాసం రాసినారు. దానికి "ఆసియా చిక్కు ప్రశ్న" అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. ప్రశ్న ఇది: ఆఫ్రికా మనకంటే పేదది, అక్కడ కరువులు ఎక్కువ. మరి పోషణ లేక బక్కచిక్కిన పిల్లలు ఆఫ్రికాలో కంటే మన దక్షిణాసియాలో ఎక్కువ ఎందుకున్నారు? మన దగ్గర ఆ రోజుల్లో పుట్టిన పిల్లల్లో సుమారు మూడో వంతు తక్కువ బరువుతో పుట్టేవారు. ఆఫ్రికాలో ఆరో వంతు మాత్రమే.

ఆయన ఇచ్చిన జవాబు చేదుగా ఉన్నది. మన దేశాల్లో ఆడవారి స్థితి తక్కువగా ఉండడమే దీనికి పెద్ద కారణమన్నారు. ఆడపిల్ల చివర తింటుంది, మిగిలింది తింటుంది. రక్తం లేకుండానే పెళ్ళి, రక్తం లేకుండానే గర్భం. బిడ్డకు ఎక్కడి నుండి బరువు వస్తుంది? సూక్ష్మదర్శిని ముందు యాభై ఏళ్ళు కూర్చున్న మనిషి చివరకు చూపు తిప్పింది ఇంటి దస్తర్‌ఖాన్ వైపు. మన ఇళ్ళలో ఎవరు ముందు తింటున్నారు, ఎవరు చివర తింటున్నారు అని మనల్ని మనం అడుగుకోవలసిన సమయం ఇది. మా బడిలో ఉదయం ప్రార్థన వేళ తల తిరిగి కూర్చుండిపోయే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. పొద్దున ఏమి తిన్నావు బేటా అంటే చాయ్ అంటారు.

ఉప్పు కథ ఇంకా ముగియలేదు

2001 మే 28న రామలింగస్వామి గారు మరణించినారు. ఆయన పేరున కేంద్ర ప్రభుత్వం, విదేశాల్లో ఉన్న భారత శాస్త్రవేత్తలు స్వదేశానికి తిరిగి వచ్చి పని చేయడానికి ఫెలోషిప్పులు ఇస్తున్నది.

కాని ఆయన ఉప్పు పని చాలాకాలం తూగుటూయలలాగే నడిచింది. గలగండం కొండలకే పరిమితం కాదు, మైదానాల్లోనూ ఉన్నదని తేలిన తర్వాత, దేశంలో అందరూ తినే ఉప్పులో అయోడిన్ కలపాలని 1984లో నిర్ణయించి 1986 నుండి అమలు మొదలుపెట్టినారు. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మరాదని 1998లో దేశమంతటా నిషేధం వచ్చింది. 2000లో దాన్ని ఎత్తివేసినారు. మళ్ళీ 2005లో ప్రకటించి 2006 మే నుండి అమలు చేసినారు. 2018-19లో జరిగిన జాతీయ సర్వేలో నూటికి సుమారు 76 ఇళ్ళలోనే ఉప్పులో తగినంత అయోడిన్ కనబడింది. వెనుకబడిన 5 రాష్ట్రాల్లో మన పొరుగు ఆంధ్రప్రదేశ్ ఒకటి. సముద్రం ఒడ్డున ఉప్పు పండించే చోటనే అయోడిన్ ఉప్పు తక్కువ తింటున్నారన్న మాట!

మన ఇళ్ళ సంగతి చూద్దాం. పచ్చళ్ళకని, వంటకని సంచిలో తెచ్చే దొడ్డుప్పు చౌక. అందులో అయోడిన్ ఉన్నదో లేదో ఎవరూ అడగరు. పాకెట్టు మీద అయోడిన్ గుర్తు చూసి కొనండి. కిరాణా దుకాణం నడిపే మన సోదరులకు కూడా ఇదే మనవి. ఉప్పు మీ ఇంటికి చేరేసరికి అందులో పది లక్షల పాళ్ళకు కనీసం 15 పాళ్ళు అయోడిన్ ఉండాలని నియమం. కొన్న తర్వాత మూత పెట్టిన డబ్బాలో, పొయ్యి సెగకు, తడికి దూరంగా ఉంచాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు ఎక్కువ తినమని దీని అర్థం కాదు. తినే కొద్దిపాటి ఉప్పు అయోడిన్ ఉన్న ఉప్పై ఉండాలని మాత్రమే. ముఖ్యంగా గర్భిణి ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఇక విద్యార్థులకు ఒక మాట. డాక్టరు సీటు రాకపోతే జీవితం పోయినట్లే అనుకోకండి. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, బి.ఎస్సీ. కోర్సులు ఉన్నవి. ఆ గాజు పలకను తయారు చేసేది టెక్నీషియన్ చేతులే. ఆ చేతులు సరిగా పని చేయకపోతే ఎంత పెద్ద పెథాలజిస్టు కన్నయినా గుడ్డిదే. ఉర్దూ మాధ్యమంలో చదివినంత మాత్రాన సైన్సు మనది కాదనుకోవద్దు. ఒకప్పుడు ఈ గడ్డ మీద వైద్యమంతా ఆ భాషలోనే నేర్పినారని పైన చెప్పినాను. భాష ఏదైనా, రోజూ ఒక గంట ఎక్కువ కూర్చొని ఇంగ్లీషు కూడా పట్టుకుంటే దారి మూసుకుపోదు. ఆడపిల్లలకు ఈ వృత్తి మరింత అనుకూలం. తల్లిదండ్రులు ధైర్యం చేయాలి. ఫీజు కట్టలేనివారు మన సొసైటీ స్కాలర్‌షిప్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోగలరు.

జబ్బు నసీబు అని కూర్చుంటే కాంగ్రా లోయ పిల్లలు ఈనాటికీ మూగగానే ఉండేవారు. ఎందుకు అని అడిగిన ఒక మనిషి వల్ల, ఆయనకు సహకరించిన వేలాది పల్లె జనం వల్ల ఆ రాత మారింది. అల్లాహ్ మన పిల్లలకు అట్లా అడిగే బుద్ధిని, ఆ జవాబు దొరికేదాకా ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.